కొచ్చు పుస్తకం: అచ్చువేసినవాడి పేరు లేని సాహిత్యం

ఒకప్పుడు మన ఊళ్లలో ‘మలయాళం సినిమా’ అంటే మార్నింగ్ షోకి తల దించుకుని వెళ్లే సినిమా అని అర్థం. కేరళలో కాగితం మీద అలాంటి పేరే మోసింది ‘కొచ్చు పుస్తకం’. మాటకు అర్థం చిన్న పుస్తకం, అంతే. అరచేతిలో ఇమిడే సైజు, నాసిరకం కాగితం, నడుమ రెండు పిన్నులు. పేపరు మడతలో పెట్టేస్తే పక్కవాడికి తెలియదు. రచయిత పేరంటూ ఉంటే అది దొంగపేరు.

లోపలి సరుకును ‘కంబి కథలు’ అంటారు. కంబి అంటే ఇనుప కంబే. తంతి కూడా అక్కడ కంబే. తంతి తపాలా శాఖను ‘కంబిత్తపాల్’ అనేవారు. వాడుకలో ఆ మాట ఎటు తిరిగిందో విడమరచి చెప్పక్కర్లేదు.

శృంగారం మలయాళానికి కొత్తేమీ కాదు. మలయాళం, సంస్కృతం కలిపి రాసే మణిప్రవాళంలోని ‘వైశికతంత్రం’ నిండా ఓ వేశ్యమాత కూతురికి చెప్పిన వృత్తి మెలకువలే. 19వ శతాబ్దంలో వెణ్మణి తండ్రీకొడుకులు నంబూద్రీ ఇళ్లలో కూర్చుని మొహమాటం లేకుండా శృంగార శ్లోకాలు కట్టారు. వాళ్లకు సాహిత్య చరిత్రలో పీట వేశారు. అదే సంగతి బస్టాండు బంకులో చవగ్గా దొరికేసరికి బూతు అయింది. చదివేవాడు మారితే పేరూ మారుతుందన్నమాట!

ఈ చిన్నచూపు బూతుతోనే ఆగలేదు. 1955లో ముట్టత్తు వర్కీ ‘పాడాత్త పైంకిళి’ రాశారు. అమాయకపు ప్రేమకథ. విమర్శకుల నోట ‘పైంకిళి’ అంటే చవకబారు రాత అని స్థిరపడిపోయింది. 1969లో మొదలైన కోట్టయం వారపత్రిక ‘మంగళం’ 1980ల మధ్యకు 15 లక్షల ప్రతులు దాటింది. అందులో ఉన్నది ప్రేమా, కన్నీళ్లూ. అయినా పెద్దల కోపం దాని మీదా పడింది. 1945 నుంచి గ్రంథాలయోద్యమం ఊరూరా చదువరులను తయారు చేసింది. 1991లో రాష్ట్రం సంపూర్ణ అక్షరాస్యత ప్రకటించుకుంది. అక్షరం వచ్చినవాడు ఏం చదవాలో కూడా తామే చెప్పాలనుకున్నారు పెద్దలు. వాడు మాత్రం బంకు దగ్గర ఆగాడు.

కొచ్చు పుస్తకానికి అసలు భయం 2024 దాకా అమల్లో ఉన్న శిక్షాస్మృతి, ఐపీసీలోని 292వ సెక్షన్. దాని ప్రకారం అశ్లీలం అమ్మినా, అమ్మడానికి దగ్గర పెట్టుకున్నా నేరమే. అప్పట్లో అమల్లో ఉన్న 1867 నాటి చట్టం ప్రకారం ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, ఊరు ఉండాల్సి వచ్చేది. వేస్తే దొరికిపోయేవాడు, కాబట్టి వేసేవాడు కాదు. పేరే లేని పుస్తకాన్ని నిబంధన ప్రకారం జాతీయ గ్రంథాలయానికి పంపేదెవరు? అలా ఈ పుస్తకాలు ఏ జాబితాకూ ఎక్కలేదు.

ఇంటర్నెట్ వచ్చాక కథలు తెర మీదికి మారాయి, మొదట్లో చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన మలయాళంలో. పాత పుస్తకాలను కొందరు పాఠకులు పేజీ పేజీ స్కాన్ చేసి పీడీఎఫ్‌లుగా పంచుకున్నారు, పిన్నుల తుప్పు మరకలతో సహా.