పాంప్లెట్లు పారేయకండి: అపోహలు - వాస్తవాలు

ఆషాఢం సేల్ మొదలైందంటే పొద్దున్నే పేపరు మడత విప్పగానే చీరల కొట్ల పాంప్లెట్లు జారిపడతాయి. కాలేజీ అడ్మిషన్లు, వెంచర్ల ప్లాట్లు, లోన్ కవర్లు సరేసరి. కోనసీమలో ఆడవాళ్లకు కాగితం గుజ్జుతో బుట్టలు చేయడం నేర్పుతుంటాను. అక్కడ నాకు తరచూ వినిపించే మాటలివి.

అపోహ: కాగితం ఏదైనా ఒకటే.

వాస్తవం: కాదండి. ముందు ఒక మూల చింపి చూడండి. చిరిగిన అంచున నూగులాంటి పీచు కనిపిస్తే అది కాగితం. పల్చటి పొర సాగుతూ వస్తే ప్లాస్టిక్ లామినేషన్ ఉన్నట్టు. అది గుజ్జుకీ పనికిరాదు, ఎరువుకీ పనికిరాదు. బీరువా అరల్లో పరచుకోండి, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. గోటితో గీస్తే నల్లగీత పడే బిల్లులు థర్మల్ కాగితం. వాటిని దేంట్లోనూ కలపొద్దు.

అపోహ: బజ్జీల నూనె పీల్చడానికి పాంప్లెట్ బాగుంటుంది.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. అచ్చు సిరాలో సీసంలాంటి లోహాలు ఉండొచ్చు, వేడి నూనెకి సిరా తిండిలోకి దిగుతుంది. న్యూస్‌పేపర్‌ని తినుబండారాలు చుట్టడానికీ, నూనె పీల్చడానికీ వాడకూడదని 2018 నాటి ఆహార ప్యాకేజింగ్ నిబంధనలు చెబుతున్నాయి. రంగుల పాంప్లెట్ మీదున్నదీ అచ్చు సిరాయే కదా. బజ్జీల్ని చిల్లుల గిన్నెలో వడకట్టి, పెరట్లోంచి అరిటాకు ముక్క కోసుకొచ్చి అందులో పెట్టండి.

అపోహ: నున్నటి కాగితం గుజ్జుకి పనికిరాదు.

వాస్తవం: పనికొస్తుంది, కాకపోతే ఒంటరిగా కాదు. పూర్వం మనవాళ్లు చేటలకీ బుట్టలకీ మెంతిపిండి కలిపిన కాగితం గుజ్జు పట్టించేవారు. నేను నేర్పేదీ అదే. ముక్కలు చింపి రాత్రంతా నానబెట్టి, నీళ్లు పిండేసి, నానిన మెంతులతో కలిపి మెత్తగా రుబ్బాలి. నున్నటి కాగితం మీద సుద్దమట్టి పూత ఉంటుంది, దానివల్ల గుజ్జు వెన్నలా వస్తుంది కానీ బలం ఉండదు. అందుకే సగానికి సగం ఖాకీ కవర్లు కలుపుతాను. బోర్లించిన గిన్నెకి పాత గుడ్డ చుట్టి, పావంగుళం మందాన అద్ది ఎండబెట్టాలి. వానాకాలంలో మొదలుపెట్టొద్దు. మన గాలిలో తేమకి లోపల ఆరక బూజు పట్టేస్తుంది. అరచెయ్యి ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే. ఆరాక ఆ బుట్టలో దారాలు, బొత్తాలు దాచుకోండి. సిరా కలిసిన గుజ్జు కాబట్టి బియ్యం, పప్పులు మాత్రం పోయొద్దు.

అపోహ: పేరూ, ఖాతా నంబరూ ఉన్న కవరు రెండు ముక్కలు చేస్తే చాలు.

వాస్తవం: ముక్కలు అతికించి చదవచ్చు. ముందు ఆ భాగాన్నే గుజ్జులో వేయండి.

అపోహ: కాగితం కప్పుల్లో మొలిచిన నారుకి వేళ్లు బయటికి రావు.

వాస్తవం: పల్చటి, నునుపు లేని కాగితమైతే కప్పుతో సహా నాటేయొచ్చు. స్టీలు గ్లాసుకి చుట్టి అడుగు మడిస్తే కప్పు తయారు. ఆనప, బీర గింజలకి చక్కగా సరిపోతుంది. నాటేటప్పుడు మట్టిపైకి తేలిన అంచు చింపేయండి, లేకపోతే అది వేళ్ల దగ్గర తడిని పైకి లాగేస్తుంది.