ఆయిల్ తగ్గిందని మీరే పోసేయకండి!

"హార్లే బండికి ఆయిల్ తాగే రోగం." విజయనగరంలో మా షెడ్డుకు ఈ పెద్ద హార్లే-డేవిడ్సన్ వీ-ట్విన్ (వీ ఆకారంలో రెండు సిలిండర్లుండే) బండ్లు వచ్చేది తక్కువే గానీ, వచ్చిన ప్రతిసారీ వినపడే మాట ఇదే. విని విని విసుగొచ్చింది.

జరిగేది ఇది. వారం పది రోజులు కదలని బండికి పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి చూస్తారు. లెవెల్ బాగా కిందుంటుంది. కంగారుపడి అర లీటరు పోసేస్తారు. దీంట్లో ఉన్నది డ్రై సంప్, అంటే ఆయిల్ ఇంజిన్ అడుగున కాకుండా విడిగా నిల్వ ఉంటుంది. బండి ఆగి ఉంటే అందులో కొంత మెల్లగా క్రాంక్‌కేస్‌లోకి, అంటే ఇంజిన్ అడుగు భాగంలోకి దిగిపోతుంది. అంటే ఆయిల్ ఇంజిన్‌లోనే ఉంది, చోటు మారిందంతే. మీరు పోసిందంతా అదనం. ఇంజిన్ వేడెక్కాక అది బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే దారి) గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి వచ్చి పడుతుంది.

శ్రీకాకుళం నుంచి ఒక కుర్రాడు ఫ్యాట్ బాయ్ అనే హార్లే మోడల్ తెచ్చాడు. "అన్నా, సీళ్లు పోయాయట, ఇంజిన్ విప్పాలట. ఇంట్లో ఇంకా చెప్పలేదు" అన్నాడు. ఎయిర్ క్లీనర్ కవర్ తీస్తే ఫిల్టర్ ఆయిల్‌లో నాని ఉంది, కింది అంచు నుంచి బొట్లు బొట్లుగా కారుతోంది. ఎక్కువైన ఆయిల్ తీసేసి, కొత్త ఫిల్టర్ వేశాను. బిల్లు చూసి "ఇంతేనా?" అని రెండుసార్లు అడిగాడు, పాపం.

లెవెల్ చూడాల్సింది బండి నడిపొచ్చాక, ఇంజిన్ వేడి మీద. ఒకట్రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆపి చూడాలి. సైడ్ స్టాండ్ మీదా, నిటారుగా నిలబెట్టా అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. మాన్యువల్ తెరవండి, వాట్సాప్ గ్రూపు కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మయూరి జంక్షన్‌ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఒక సిలిండర్ చచ్చిపోయినట్టు ఉందా? టెన్షన్ వద్దు. వేడి ఎక్కువైతే ఐడిల్‌లో వెనక సిలిండర్‌ను ఆపేసే ఏర్పాటు కొన్ని మోడళ్లలో ఉంది. ఇక ఎప్పుడూ తడబడుతున్నట్టుండే ఆ హార్లే శబ్దం టైమింగ్ తప్పు కాదు. 45 డిగ్రీల కోణంలో రెండు సిలిండర్లు, రెండు పిస్టన్ల కనెక్టింగ్ రాడ్లూ తగిలేది ఒకటే క్రాంక్ పిన్‌కి. అందుకే ఒక పేలుడుకీ మరోదానికీ ఎడం, క్రాంక్ తిరిగే లెక్కలో, ఒకసారి 315 డిగ్రీలు, ఒకసారి 405. ఫ్యాట్ బాయ్ 114 ఇంజిన్ 1868 సీసీ కదా, టాప్ స్పీడ్ ఎంత అని అడక్కండి. దాని బలమంతా 3000 ఆర్‌పీఎం దగ్గరే వచ్చే 155 ఎన్ఎం టార్క్‌లో (చక్రాన్ని తిప్పే లాగుడు బలంలో) ఉంది. ఇచ్ఛాపురం దాకా హైవేలో గేరు దించాలన్న ఆలోచనే రాదు.

అన్నట్టు, వెనక చక్రాన్ని తిప్పేది బెల్టు. దానికి చెయిన్ లూబ్ కొట్టకండి. మొన్న ఒకాయన ఏకంగా గ్రీజే పూసుకొచ్చాడు. పళ్ల సందుల్లో ఇరుక్కున్న ఇసుక తీసేసరికి మధ్యాహ్నమైంది.