పసిపాప కంటికి వస్తువు ఎప్పుడు కనిపిస్తుంది?

పుట్టుగుడ్డి మనిషి గోళాన్నీ ఘనాన్నీ తడిమి గుర్తుపడతాడు. ఉన్నట్టుండి చూపొస్తే, ముట్టుకోకుండా ఏది ఏదో చెప్పగలడా? 1688లో ఐర్లండ్‌కు చెందిన విలియం మోలినో, తత్వవేత్త జాన్ లాక్‌కు పంపిన ప్రశ్న ఇది. చెప్పలేడనే ఇద్దరూ తేల్చారు, ఎవరినీ పరీక్షించకుండానే.

పసిపిల్లల సంగతీ అంతే. వాళ్లకు లోకమంతా ఒకటే గందరగోళమని 1890లో అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ రాసేశాడు. మాటలు రాని బిడ్డను అడిగేదెలా మరి? 1950ల చివర్లో మనస్తత్వవేత్త రాబర్ట్ ఫాంట్జ్ అడగడం మానేసి, బిడ్డ దేన్ని ఎంతసేపు చూస్తోందో కొలిచాడు. ఇంత చిన్న ఉపాయానికి అన్నేళ్లు పట్టింది!

ఆ దారిలోనే 1983లో మనస్తత్వవేత్తలు ఫిలిప్ కెల్‌మన్, ఎలిజబెత్ స్పెల్కీ నాలుగు నెలల పిల్లల ముందు ఒక కర్ర ఆడించారు. మధ్యభాగానికి పెట్టె అడ్డం, పైకొసా కిందికొసా మాత్రమే కనిపిస్తాయి. పిల్లలకు విసుగు పుట్టాక పెట్టె తీసేసి ఒకసారి నిండు కర్రనూ, ఒకసారి తెగిన రెండు ముక్కలనూ చూపించారు. పిల్లలు ముక్కలనే ఎక్కువసేపు చూశారు. వింతగా తోచినదాన్నే పిల్లలు ఎక్కువసేపు చూస్తారు; అంటే పెట్టె వెనక ఉన్నది ఒకటే కర్ర అనుకున్నారు. కర్ర కదలకపోతే మాత్రం ఆ తేడా లేదు. తర్వాత అలాన్ స్లేటర్ బృందం అప్పుడే పుట్టినవాళ్లతో చేస్తే ఫలితం తిరగబడింది, వాళ్లకు నిండు కర్రే వింతగా తోచింది. కనబడని భాగాన్ని కలుపుకోవడం తొలి నెలల్లో పట్టుబడుతుందన్నమాట.

మరి ఆ నెలలు చీకట్లో గడిస్తే? మెదడు శాస్త్రవేత్తలు హ్యూబెల్, వీసెల్ (1981లో నోబెల్ వచ్చింది) పిల్లికూనల కన్ను మూసి ఉంచితే, తర్వాత తెరిచినా ఆ కంటికి చూపు సరిగా రాలేదు. అది చూశాక, అదను దాటితే ఆపరేషన్ దండగ అన్న అభిప్రాయం బలపడింది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త పవన్ సిన్హా, పుట్టుగుడ్డి పిల్లలకు చికిత్స చేయించి వాళ్లు చూడ్డం ఎలా నేర్చుకుంటారో గమనించే ప్రాజెక్ట్ ప్రకాశ్‌ను ఢిల్లీ కేంద్రంగా నడిపి ఆ అభిప్రాయాన్ని సవాలు చేశారు. 29 ఏళ్లకు కళ్లద్దాలతో చూపొచ్చిన ఒకతనికి, ఒకదానిమీద ఒకటి పడ్డ బొమ్మల్లో ప్రతి ముక్కా వేరే వస్తువుగా కనిపించేది. బొమ్మ కదిలితే చాలు, ఏది ఏదో తెలిసిపోయేది. నెలలు గడిచాక కదలని బొమ్మలూ పట్టుబడ్డాయి. ఇక్కడా కదలికే గురువు.

మోలినో ప్రశ్నకూ 2011లో ఈ ప్రాజెక్ట్‌లోనే జవాబు దొరికింది. ఆపరేషన్ అయిన వెంటనే పిల్లలు, చేత్తో తడిమిన వస్తువును కంటితో పోల్చుకోలేకపోయారు. కొద్దిరోజుల్లోనే చాలావరకు నేర్చేసుకున్నారు.

అలాగని ఆలస్యానికి ఫరవాలేదనుకోకూడదు. చూపు పదును పూర్తిగా రాదు. రెండు కళ్లకూ దట్టమైన శుక్లాలతో పుట్టిన బిడ్డకు రెండు నెలల్లోపే ఆపరేషన్ చేయించాలన్న డాక్టర్ల మాట ఇప్పటికీ మారలేదు.