సర్పికి పాముతో సంబంధం లేదు

నడుముకో ఛాతీకో ఒక పక్క నిప్పు తగిలినట్టు మంట. రెండు మూడు రోజులకు అక్కడే ఎర్రటి దద్దు, దాని మీద నీటి పొక్కుల గుత్తులు. అది సర్పి. పేరులో సర్పం వినపడగానే ఇంట్లోవాళ్లకు గుండె జారిపోతుంది. ఆ భయంతో తిరిగే మూడు రోజులే రోగికి అన్నిటికన్నా విలువైనవి.

అపోహ: సర్పి నడుము చుట్టూ తిరిగి తల, తోక కలిస్తే మనిషి దక్కడు.

వాస్తవం: పేరులో ఉన్నది పాకడం, పాము కాదు. సంస్కృతంలో 'సృప్' అంటే పాకడం. పాకుతుంది కనుకే పాము సర్పమైంది. లాటిన్‌లో అదే 'సెర్పెరె', అందులోంచి వచ్చిందే సర్పెంట్. మన 'సప్త' లాటిన్‌లో 'సెప్టెమ్', గ్రీకులో 'హెప్టా' అయినట్టే, ఇక్కడి 'స' కూడా గ్రీకులో 'హ' అయి 'హెర్పెయిన్' అయింది. డాక్టర్లు సర్పిని పిలిచే హెర్పిస్ అన్న పేరు దాన్నుంచే. చర్మం మీద పాకే పొక్కులని తప్ప అందులో ఇంకే అర్థమూ లేదు.

చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరస్సే వెన్ను పక్కన నరాల ముడుల్లో ఏళ్ల తరబడి నిద్రపోయి, వయసు మీదపడ్డాకో, ఒంట్లో శక్తి తగ్గాకో లేస్తుంది. వెన్ను నుంచి బయల్దేరే ఒక్కో నరం ఒంట్లో ఒక పక్కకే వెళ్తుంది. అందుకే పొక్కులు వెన్ను మధ్య నుంచి ముందు మధ్యగీత దాకా వచ్చి ఆగుతాయి, తల, తోక కలవవు. ఒళ్లంతా చెదురుమదురుగా వస్తే మాత్రం రోగనిరోధక శక్తి బాగా పడిపోయి ఉండొచ్చు. వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి.

ఇక అసలు నష్టం. మంత్రాలకూ పసర్లకూ ఎర్రమట్టి పూతలకూ గడువు కరిగిపోతుంది. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు మందు మొదలవ్వాలి. మామూలుగా పెద్దవాళ్లకు ఎసైక్లోవిర్ 800 మి.గ్రా. రోజుకు 5 సార్లు, లేదా వాలాసైక్లోవిర్ 1 గ్రాము రోజుకు 3 సార్లు, 7 రోజులు రాస్తారు. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి, లేకపోతే మనిషికి మతి తప్పొచ్చు. కాబట్టి డాక్టరు చీటీ లేకుండా మొదలుపెట్టకండి, నీళ్లు బాగా తాగండి. ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ ఒక్కటే రాసుకుంటే సరిపోదు. మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ క్రీములు అసలు రాయకండి. మట్టి పూత కింద పొక్కులు చీము పడతాయి. మందు మొదలయ్యాక కూడా కొత్త పొక్కులు కొన్ని రావచ్చు. మందు పనిచేయట్లేదని ఆపేయొద్దు.

ముక్కు కొన మీద పొక్కు కనిపిస్తే 72 గంటల లెక్క చూసుకుంటూ కూర్చోకండి, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ముక్కు కొనకూ కంటికీ వెళ్లే నరం ఒకటే. చూపు పోయే ప్రమాదం ఉంది. చెవిలో పొక్కులు వచ్చి మూతి వంకర పోయినా అంతే తొందర కావాలి.

పొక్కులు మానినా, మూడు నెలలు దాటాక కూడా బట్ట తగిలితే మండే నొప్పి కొందరిని, ముఖ్యంగా అరవై దాటినవాళ్లను, పట్టుకుంటుంది. దానికి పారాసిటమాల్ చాలదు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, ఎమిట్రిప్టిలిన్ లాంటి నరాల మందులు కావాలి. 50 దాటినవాళ్లకు టీకా ఉంది: రెండు డోసులు, మధ్యలో 2 నుంచి 6 నెలలు.

అపోహ: రిపోర్టులో హెర్పిస్ అని ఉంటే సుఖవ్యాధే.

కాదు. హెర్పిస్ జోస్టర్ (ఇదే సర్పి) వేరు, సుఖవ్యాధిగా కూడా వచ్చే హెర్పిస్ సింప్లెక్స్ వేరు. ఈ ఒక్క మాటకు ఇంట్లో తలెత్తుకోలేక నలిగిపోయే పెద్దవాళ్లు ఉన్నారు, వాళ్లది ఏ తప్పూ లేదు. అయితే ఆటలమ్మ రానివాళ్లకు పొక్కుల నీటి నుంచి ఆటలమ్మ అంటుకోగలదు. పొక్కులు ఎండి చెక్కు కట్టేదాకా గర్భిణులను, పసిపిల్లలను దూరంగా ఉంచండి.

రిపోర్టులో 'సర్పిజినస్' అని రాసినా కంగారు వద్దు. మచ్చ అంచు వంకరటింకరగా పాకిందని చెప్పడమే.

అపోహ: సర్పగంధ వేరు పాము విషానికి విరుగుడు.

వాస్తవం: దాని లాటిన్ పేరు రావుల్ఫియా సర్పెంటైనా. 1952లో ఆ వేరు నుంచి రెసర్పిన్ తీశారు, అది బీపీ తగ్గించే మందు. కాటు పడిన మనిషికి అసలే బీపీ పడిపోతుంటే ఈ వేరు నూరి తాగించడం ఇంకా ప్రమాదం. విషానికి విరుగుడు యాంటీవెనమ్ ఒక్కటే. కాటు పడిన కాలు కదలనివ్వకుండా, కట్లు బిగించకుండా, కోయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.