ఎల్‌కేజీ గేటు దగ్గర అమ్మానాన్నలు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

జూన్ రెండో వారంలో బళ్లు తెరిచారంటే నా ఫోను ఆగదు. చేసేది ఎక్కువగా అమ్మలే. టిఫిన్ బాక్సులో ఏం పెట్టాలి, డైపర్‌తో పంపొచ్చా అని మొదలుపెడతారు. అసలు విషయం నాలుగో నిమిషానికి గానీ బయటికి రాదు. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్ని బడికి సిద్ధం చేయడం స్పెషల్ ఎడ్యుకేటర్‌గా నా పని. పిల్లలకు ఏం నేర్పాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లను గేటు దాకా తెచ్చి వదిలేవాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. ఈసారి వాళ్ల గురించే రాస్తున్నాను.

అపోహ: డయాగ్నసిస్ వచ్చినప్పుడే ఏడ్చేశాం. బడి మొదటిరోజు మళ్లీ ఏడుపొస్తోందంటే మేమింకా ఒప్పుకోలేదన్నమాట.

వాస్తవం: ఈ మాట తల్లిదండ్రులకు అంటించింది మా రంగంవాళ్లమే. "పేరెంట్స్ ఇంకా డినయల్‌లో ఉన్నారు" అని ఫైల్లో రాసేస్తాం. దుఃఖానికి ఐదు మెట్లు, చివరి మెట్టు అంగీకారం, అది ఎక్కితే అయిపోయినట్టే అని ఒక లెక్క ప్రచారంలో ఉంది. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ అనే సైకియాట్రిస్టు 1969లో ఆ మెట్ల గురించి రాసింది మరణానికి దగ్గరైన రోగుల్ని చూసి, ఎల్‌కేజీ పిల్లాడి తల్లిని చూసి కాదు. అంతకు ఏడేళ్ల ముందే, 1962లో, సైమన్ ఒల్షాన్‌స్కీ అనే అమెరికన్ బుద్ధి ఎదుగుదల లోపం ఉన్న పిల్లల తల్లిదండ్రులతో పనిచేసి వేరే మాట చెప్పాడు. ఈ బాధ వచ్చి పోయేది కాదు, బిడ్డతో పాటే ఉంటుంది, అది జబ్బు కాదు, సహజం అన్నాడు. ఒప్పుకోండి, ఒప్పుకోండి అని వాళ్ల వెంటపడొద్దని మాలాంటివాళ్లకు చెప్పాడు కూడా.

రోజూ ఉండే బాధ ఒక్కోరోజు ఎందుకు పొంగుతుందో గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది. రెండేళ్ల క్రితం ఒకావిడ పక్కన నిలబడ్డాను. వాళ్లబ్బాయి పుట్టిన నెలలోనే పుట్టిన పక్కింటి పాప, టీచరుకు తన పేరు, నాన్న పేరు, ఫ్లాట్ నంబరుతో సహా గడగడా చెప్పేస్తోంది. ఈ బాబు గేటు ఊచల్ని ఒక్కొక్కటిగా తాకుతూ చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటి ఊచ దగ్గరికి వస్తున్నాడు. ఇంట్లో వాడు ఒక్కడే ఉంటాడు కాబట్టి వాడి లెక్కే లెక్క. ఇక్కడ నలభై మంది పక్కన నిలబెట్టి చూడాల్సి వచ్చింది. "నిన్నటి దాకా బాగానే ఉన్నాను మేడం" అందావిడ. నిజంగానే బాగుంది. ఇవాళ బాగోలేదు, అంతే.

అయితే నిద్ర పట్టక, తిండి సహించక, ఏ పనీ చేయబుద్ధి కాక వారాలు గడుస్తుంటే మాత్రం అది ఈ లెక్కలోకి రాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

అపోహ: తల్లి ఫోన్ చూస్తూ కూర్చుంది కాబట్టి ఆటిజం వచ్చింది.

వాస్తవం: రాలేదు. ఫోన్లు లేని రోజుల్లో తల్లి ప్రేమ చాలక వచ్చిందనేవాళ్లు, అదీ తప్పని తేలిపోయింది. స్క్రీన్ తగ్గించడం ఏ పిల్లలకైనా మంచిదే, అది వేరే సంగతి.

అపోహ: నాన్నలకు పట్టదు. ఫీజు కట్టేసి ఊరుకుంటారు.

వాస్తవం: ఒకాయన మొదటి వారమంతా స్కూలుకు ఎదురుగా జిరాక్స్ షాపు పక్కన బైక్ ఆపుకుని, పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఉండేవాడు. హెల్మెట్ తీసేవాడు కాదు. ఎండలో అదేంటండీ అని అడిగితే, "తీస్తే మొహం కనబడుతుంది కదా మేడం" అన్నాడు. ఇంట్లో ఆవిడకు మాత్రం ఆఫీసులో ఉన్నట్టే లెక్క. మా మీటింగులకు అమ్మనే పిలుస్తాం, రిపోర్టు అమ్మ చేతికే ఇస్తాం, ఆపైన నాన్నకు పట్టదని మేమే అంటాం.

అపోహ: టీచరుకు ముందే చెబితే ముద్ర పడుతుంది. చెప్పకపోతే వాళ్లే మామూలుగా చూస్తారు.

వాస్తవం: ఇది భయం నుంచి వచ్చే లెక్క, నేను తప్పుపట్టను. ఆ మాట చెప్పగానే సీట్లు నిండిపోయాయన్న స్కూళ్లు నాకూ తెలుసు. కానీ దాచిపెట్టి చేర్చిన ఒకచోట ఏమైందో వినండి. మాటలు రాని బాబు, బాత్రూం వస్తే నిక్కరు ఎలాస్టిక్ పట్టుకుని లాగుతాడు. అది ఇంట్లోవాళ్లకే తెలుసు. క్లాసులో లాగాడు, అల్లరనుకుని టీచరు చెయ్యి తీసేసింది. మళ్లీ లాగాడు, మళ్లీ తీసేసింది. మూడోసారికి బెంచీ తడిసింది. వాడు రెండు నెలలు బడి మెట్లెక్కలేదు. ఆ టీచరు చెడ్డదేం కాదు, ఆవిడకు తెలియదు.

అందుకే నేను ఒక్క పేజీ కాగితం రాయిస్తాను. డయాగ్నసిస్ పేరు మొదటి లైన్లో ఉండాల్సిన పనిలేదు. బాత్రూం, దాహం, భయం వాడెలా చెబుతాడు. బెల్లు మోగితే చెవులు మూసుకుంటాడా. ఏడుపు మొదలయ్యే ముందు ఏం చేస్తాడు. ఏం చేస్తే తగ్గుతుంది, ఏం చేస్తే పెరుగుతుంది. చివర్లో వాడికి బాగా వచ్చిన పని ఒకటి. ఈ ఆఖరి లైను దగ్గరే చాలామంది అమ్మల పెన్ను ఆగిపోతుంది. ఏళ్ల తరబడి రానివాటి లిస్టే రాసి రాసి ఉంటారు మరి. ఒకావిడ చాలాసేపు ఆలోచించి, "కరెంటు పోతే నాకంటే ముందు వెళ్లి తాతయ్య చెయ్యి పట్టుకుంటాడు" అని రాసింది.

అపోహ: మామూలు పిల్లల మధ్య పడేస్తే మాటలు అవే వచ్చేస్తాయి. మా చిన్నోడూ ఐదేళ్ల దాకా మాట్లాడలేదు.

వాస్తవం: రెండో వాక్యం నానమ్మది, ప్రేమతో అన్నదే. తోటిపిల్లల వల్ల లాభం ఉంది, కానీ పడేస్తే రాదు. స్పీచ్ థెరపీ, టీచరు మద్దతు రెండూ పక్కన నడవాలి. బడి మొదలైంది కదా అని థెరపీ మానేసినవాళ్లు, దసరా సెలవులకల్లా తిరిగి రావడం ఏటా చూస్తాను.

అపోహ: స్కూలు వద్దంటే ఇక చేసేదేం లేదు.

వాస్తవం: 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న విద్యాసంస్థలు వివక్ష లేకుండా చేర్చుకునేలా ప్రభుత్వం చూడాలి. 31వ సెక్షన్ కింద 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. కుదరదంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడగండి. చాలాచోట్ల అక్కడే స్వరం మారుతుంది. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేసే దారీ ఉంది. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, మండల విద్యాశాఖ కార్యాలయంలో అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ అని, బుద్ధి ఎదుగుదల లోపం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ ఉంది, అక్కడ అసెస్‌మెంట్ చేస్తారు.

చట్టం చేతిలో ఉంది కదా అని మొహం చిట్లించే స్కూల్లోనే బలవంతంగా చేర్చమని మాత్రం నేను చెప్పను. చట్టం సీటు ఇప్పిస్తుంది, ఒడి ఇప్పించదు. ఏసీ రూముల బడికంటే "మాకు తెలియదు, చెప్పండి నేర్చుకుంటాం" అన్న చిన్న బడే నయం.

అపోహ: వాణ్ని వదిలి వచ్చాక హాయిగా అనిపిస్తే నేను చెడ్డ తల్లిని.

వాస్తవం: నాలుగో నిమిషంలో బయటికొచ్చే మాట చాలాసార్లు ఇదే. బాధ గురించి చెప్పుకోవడానికి ఎవరో ఒకరుంటారు. హాయి గురించి చెప్పుకోవడానికి ఎవరూ ఉండరు. నాలుగేళ్లుగా థెరపీ సెంటర్లు, ఆసుపత్రులు, ఒక్క రాత్రయినా తెగని నిద్ర లేదు. అలాంటి మనిషికి మూడు గంటలు చేతులు ఖాళీ అయితే ఒళ్లు తేలికపడదా?

మొన్న ఒకావిడ ఫోన్ చేసి, బ్యాగ్ గురించి, షూ గురించి అడిగి, గొంతు తగ్గించింది. "వాణ్ని దింపేసి ఇంటికి రాకుండా హోటల్‌కి వెళ్లాను మేడం. కూర్చుని వేడివేడి ఇడ్లీ తిన్నాను. ఎవరికీ చెప్పలేదు."

ఏ చట్నీ అని అడిగాను.