వీపున మూట, ఎదురుగా కెంటకీ

గాజా యుద్ధం మొదలైన దగ్గర్నుంచి అమెరికా యూదు యువత నోట ఒక పాత యిడ్డిష్ (తూర్పు ఐరోపా యూదుల భాష) మాట మళ్లీ వినిపిస్తోంది. దోయికైట్, అంటే 'ఇక్కడితనం'. 1897లో జారుల రష్యాలోని విల్నాలో పుట్టిన యూదు కార్మికుల సోషలిస్టు పార్టీ బుంద్ రాజకీయాల నుంచి వచ్చిన మాట ఇది. ఉన్నచోటే మన ఊరు, వేరే దేశం వెతుక్కోనక్కర్లేదని దాని సారం. అవతలివాళ్లు, అంటే యూదులకు సొంత దేశమే దిక్కనేవాళ్లు, ఒప్పుకోరు. వలస వచ్చిన యిడ్డిష్ రచయితలు రాసిందంతా వదిలొచ్చిన ఊరి మీద బెంగేనని వాళ్ల వాదన.

ఓడలు, వలసవచ్చినవాళ్లు దిగే ఎల్లిస్ ఐలాండ్, న్యూయార్క్ ఇరుకు గదులు అందరికీ తెలిసినవే. నా లెక్కలో అసలు మలుపు న్యూయార్క్‌లో లేదు. 1918లో కవి ఐ.జె. శ్వార్ట్స్ కెంటకీలోని లెక్సింగ్టన్‌కు కాపురం మార్చారు. అంతర్యుద్ధం తర్వాతి ఆ సీమ మీద ఆయన యిడ్డిష్‌లో రాసిన దీర్ఘకావ్యం 1925లో 'కెంటకీ' పేరుతోనే పుస్తకంగా వచ్చింది. మొదటి భాగం 'కొత్త నేల'. కనుచూపుమేర విశాలంగా పరుచుకున్న భూమి, ఎర్రటి దారి, అంచున అడవి గడ్డి. ఆ దారిన ముఖమంతా దుమ్ముతో, వీపున మూటతో ఒక యూదు వ్యాపారి నడిచొస్తుంటాడు.

ఇందులో అంత విశేషమేముందంటే 1882కి వెళ్లాలి. ఆ ఏడాది రష్యాలో జారు ప్రభుత్వం తెచ్చిన 'మే చట్టాలు' యూదులు పల్లెల్లో కొత్తగా కాపురం పెట్టకూడదన్నాయి, అక్కడ భూమి కొనకూడదన్నాయి. యిడ్డిష్‌లో చెట్టూచేమకు పేర్లే లేవన్న ఎగతాళి కూడా చాలాకాలం నడిచింది. 2005లో యిడ్డిష్ పండితుడు మోర్ద్‌ఖే షెక్టర్ మొక్కల పేర్లతో ఏకంగా నిఘంటువే వేశారు. అలాంటి భాషలో, పల్లె నేల దక్కని జనం నుంచి వచ్చిన కవి విశాలమైన కొత్త నేలను పాడటమే ఆ విశేషం.

బెంగ మాటకొస్తే, న్యూయార్క్ యిడ్డిష్ కవి హాల్పెర్న్ తన పుట్టినూరు జ్లోచెవ్‌ను కవితలో చీల్చి చెండాడారు. తనను అక్కడ పాతిపెట్టరు, అదొక్కటే ఊరట అన్నారు.

'కెంటకీ'లో మూటవ్యాపారి పిల్లలు, మనవలు క్రమంగా అమెరికన్లలో కలిసిపోతారు. ఉన్నచోటే ఉంటే యూదుతనం కరిగిపోతుందని చెప్పడానికి అవతలివాళ్లకు పనికొచ్చే పాయింటే, ఎందుకో ఎత్తరు. వాళ్లు పట్టుకునేది 1938లో మరో న్యూయార్క్ యిడ్డిష్ కవి గ్లాట్‌స్టీన్ రాసిన 'శుభరాత్రి, ప్రపంచమా'. హిట్లర్ ఆస్ట్రియాను మింగిన మరుసటి నెలలో వచ్చిన కవిత. నీ విశాల ప్రపంచానికో దణ్ణం, నా గెట్టోకు (యూదులను విడిగా ఉంచిన వాడకు) నేను పోతున్నానని దభాలున తలుపేస్తుంది.

గ్లాట్‌స్టీన్ మాత్రం మకాం ఎత్తలేదు. 1971లో న్యూయార్క్‌లోనే కన్నుమూశారు.