చుక్క నెమరు ఎందుకు ఆగింది?

పద్మనాభం,
మార్చి 9.

చిన్నీ, బుజ్జీ,

సంక్రాంతికి అరిసెల కోసం మామ్మ నానబెట్టి ఆరేసిన బియ్యం మన చుక్క తినేసిన సంగతి గుర్తుందిగా. మొన్న ఫోన్‌లో బుజ్జిగాడు అడిగాడు: "తాతయ్యా, వరి కూడా గడ్డే కదా, మరి బియ్యం తింటే మేకకి జబ్బెందుకు చేసింది?" అని. మంచి ప్రశ్న. కానీ అది మేకల్ని తోలుకొచ్చే వేళ, రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే రాస్తున్నాను.

మేక పొట్టలో నాలుగు గదులు. మొదటిది అన్నిటికంటే పెద్దది, ఎడమ డొక్క వైపు ఉంటుంది. మేక ఆకుని సరిగ్గా నమలదు, గబగబా మింగి అందులో వేసేసుకుంటుంది. అక్కడ కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్ల కొద్దీ ఉంటాయి. ఆకులోని పీచుని అరిగించేవి అవే, మేక వల్ల అయ్యే పని కాదు. మామ్మ ఇడ్లీ పిండిని రాత్రంతా పులవబెట్టినట్టు అవి మేతని నిదానంగా పులవబెడతాయి. మధ్యాహ్నం జీడిచెట్ల నీడన పడుకుని, మింగిందాన్ని మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నములుతుందే, అదే నెమరు. అప్పుడు ఊరే లాలాజలం పొట్టలో పులుపు మితిమీరకుండా కాపాడుతుంది.

బియ్యంలో పీచు దాదాపు లేదు, చాలావరకు పిండే. అది ఎక్కువగా పడితే పిండిని తినే జీవులు ఒక్కసారిగా పెరిగిపోతాయి. ఎండాకాలం ఇడ్లీ పిండి బయట మర్చిపోయామే అనుకోండి, అలా గంటల్లో పులుపెక్కుతుంది. ఆ పులుపుకి పీచు అరిగించే జీవులు చచ్చిపోతాయి. నెమరు ఆగుతుంది, దాంతో లాలాజలమూ తగ్గిపోతుంది.

ఆ సాయంత్రం మీరు పడుకున్నాక చూశాను. చుక్క సాల గోడకి తల ఆనించి నిలబడి పళ్ళు కొరుకుతోంది. ఎడమ డొక్క మీద చెయ్యి వేస్తే మామూలుగా నిమిషానికి ఒకటి రెండుసార్లు లోపల ఏదో దొర్లినట్టు తెలుస్తుంది. ఆ రోజు ఎంతసేపు పెట్టినా ఏమీ లేదు, తడి గోనెసంచి మీద చెయ్యి వేసినట్టే. పశువుల డాక్టరుగారు ఫోన్‌లో చెప్పినట్టు వంటసోడా నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాం. తల పైకెత్తి పట్టకూడదన్నారు, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయట. తెల్లారి ఆయనే వచ్చి ఇంజక్షన్లు చేశారు. మూడోరోజు మధ్యాహ్నం అది రావికొమ్మ కొరికి, కాసేపటికి దవడ పక్కకి ఆడించింది. మామ్మ అరిసెల బూరెలమూకుడు పొయ్యి మీదే వదిలేసి వచ్చి చూసింది.

తడిక సరిగ్గా కట్టనిది నేనే. మీరు పెట్టిన నాలుగు గుప్పెళ్ళ సంగతి మామ్మకి చెప్పలేదులే.

మేక ఏది పడితే అది తింటుందంటారు గానీ, దాని పొట్టకి అలవాటు లేనిది ఏదీ ఒక్కసారిగా పెట్టకూడదు. తవుడైనా సరే, చారెడుతో మొదలుపెట్టి పది రోజుల్లో పెంచుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు సాల రేకులు లేచిపోయాయి, మేకలన్నిటినీ హాల్లో కట్టేశాం. (ఆ వాసన దీపావళి దాకా పోలేదు.) తర్వాత తోటలో కూలిన మామిడి, పనస కొమ్మలు వారం రోజులు మేశాయి. ఒక్కదానికీ ఏమీ కాలేదు, అదంతా రోజూ తినే ఆకే కదా. అదే తొలకరికి లేత గడ్డి కనబడగానే ఆబగా మేస్తే చిటుకు రోగం వస్తుంది, పొద్దుట గెంతిన పిల్ల సాయంత్రానికి ఉండదు. అందుకే వానలకి ముందే టీకా వేయిస్తాను.

చుక్క ఇప్పుడు చూలుతో ఉంది. డిసెంబరు 20న పోతు కట్టింది. మేక సుమారు 150 రోజులకి ఈనుతుంది. తేదీ లెక్కగట్టి సాల తలుపు మీద సుద్దతో రాశాను. మీరూ కట్టండి, వచ్చాక సరిచూసుకుందాం. వచ్చేటప్పుడు నాన్నని టించర్ అయోడిన్ సీసా ఒకటి కొనమనండి. పుట్టిన పిల్లల బొడ్డుకి రాయాలి, ఇక్కడున్నది అడుగంటింది.

మీ తాతయ్య